‘అంత్యదినములు’ అని ప్రవక్తలు ఏ ఉద్దేశంతో అన్నారు? (మా అమ్మ కోసం అడుగుతున్నాను)

తెనాలి కాలువ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన పేరున ఎకరం ఇరవై సెంట్ల మాగాణి ఉంది. దాన్ని అమ్మ పేరుకి మార్పించాలి. వీఆర్వో గారి దగ్గరికీ మండలాఫీసుకీ నేనే తిరుగుతానన్నాను. అమ్మ సంతకం పెట్టనంటోంది. “ప్రభువు వాకిట్లోకి వచ్చేశాడు, ఇప్పుడు పాసుపుస్తకం ఎవరికిరా?” అంటుంది. మోకాళ్ళు వాచిపోయి రాత్రిళ్ళు మూలుగుతోంది, అయినా డాక్టరు దగ్గరికి రాదు.

మా ఊళ్ళో మూడు రాత్రులు ప్రవచన సభలు జరిగాయి. వేరే ఊరి నుంచి వచ్చిన బోధకుడు స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. దానియేలు చెప్పిన విగ్రహం, చివరికాలంలో దండెత్తి వస్తాడని యెహెజ్కేలు చెప్పిన గోగు, వాటి మధ్య ఎర్ర బాణాలు, ఆఖర్న ఒక సంవత్సరం అంకె. అమ్మ దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది. పడుకునే ముందు వేళ్ళతో పెద్దది చేసుకుని ఆ అంకె చూసుకుంటుంది.

నేనూ విశ్వాసినే. ఎవర్నీ తక్కువ చెయ్యడానికి రాలేదు. ఒక్కటే అడుగుతున్నాను: యెషయా, ఆమోసు, యిర్మీయా లాంటివాళ్ళు ఆ మాటలు పలికినప్పుడు వాళ్ళ ఎదురుగా నిలబడ్డ జనానికి ఏమర్థమైంది? అది తెలిస్తే అమ్మతో మాట్లాడటానికి నాకు ఒక దారి దొరుకుతుంది.

పాత నిబంధన టీచరు | ఆదివారం, రాత్రి 10:25

బాబూ, నేను వేదాంత కళాశాలలో చాలా ఏళ్ళు హెబ్రీ చెప్పాను. ముందు ఆ మాట దగ్గరే ఆగుదాం.

మన బైబిల్లో ‘అంత్యదినములలో’ అని ఉన్నచోట హెబ్రీలో ‘అహరీత్ హయామీమ్’ అని ఉంటుంది. హెబ్రీ గ్రంథం మొత్తంలో 13 సార్లు వస్తుంది, దానియేలు 2లో అరామిక్ రూపంలో ఇంకోసారి. ‘అహర్’ అంటే వెనక. హెబ్రీ మనిషి దృష్టిలో జరిగిపోయింది కళ్ళ ముందుంటుంది, రాబోయేది వీపు వెనక ఉంటుంది. పాతకాలానికి వాళ్ళు వాడే ‘కెదెమ్’ అనే మాటకి ముందువైపు అనే అర్థం కూడా ఉంది.

ఇది మనకి వింతేమీ కాదు. మీ మాగాణిలో నాట్లు గుర్తు తెచ్చుకో. నాటేవాళ్ళు వెనక్కి అడుగులేస్తూ నాటుతారు. నాటిన మళ్ళు కళ్ళ ముందు పచ్చగా కనపడుతుంటాయి. నాటాల్సిన చెక్క వీపు వెనక ఉంటుంది. అహరీత్ అంటే ఆ వెనక ఉన్న చెక్క. ఉందని తెలుసు, అడుగు అటే పడుతోంది, కంటికి మాత్రం ఆనదు.

అందుకే ఆ మాటకి ప్రతిచోటా ‘లోకాంతం’ అని అర్థం చెప్పలేం. ఆదికాండం 49లో యాకోబు కొడుకుల్ని పిలిచి అదే మాట అంటాడు. ఆ తర్వాత చెప్పేది ఏ గోత్రం ఎక్కడ స్థిరపడుతుంది, ఎవరు ఎలా బతుకుతారు అనే సంగతులే.

ఇక యెషయా 2 చూడు. మీకా 4లో కూడా దాదాపు అవే మాటలున్నాయి. అంత్యదినాల్లో జనాలన్నీ యెహోవా మందిరమున్న కొండకి నడిచొస్తాయి, తగవులు అక్కడ తీరతాయి, కత్తుల్ని నాగటి నక్కులుగా సాగగొట్టుకుంటారు. ఈ వచనం నేను క్లాసులో చెప్పిన ప్రతిసారీ పిల్లల్ని ఒకటే అడిగేదాన్ని. లోకమే లేకుండా పోతే నాగలెందుకు?

వాక్యదీపం | సోమవారం, ఉదయం 6:10

టీచరమ్మగారికి వందనాలు. మీరు చెప్పింది బాగుంది కానీ ఒక పక్కే చెప్పారు. జెఫన్యా మొదటి అధ్యాయం చదవండి: ఉగ్రత దినం, చీకటి, బాకానాదం. యోవేలులో సూర్యుడు నల్లబడతాడు, చంద్రుడు రక్తమౌతాడు. యెషయా 24లో భూమి తాగినవాడిలా తూలుతుంది. యోవేలైతే మీరు చెప్పిన వచనాన్నే తిరగేసి, కర్రులు సాగగొట్టి కత్తులు చేసుకోండంటాడు. వీటిని పక్కన పెట్టి నాగళ్ళ గురించి మాత్రమే మాట్లాడితే జనానికి భయం పోతుంది. దైవభయం పోగొట్టడం మంచిది కాదు.

ఇంకొకటి. 1948 మే 14న ఇజ్రాయెల్ దేశం మళ్ళీ పుట్టింది. రెండు వేల ఏళ్ళు చెదిరిన జనం తిరిగొచ్చింది. యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకలు లేచి నిలబడ్డాయంటే ఇది కాక ఇంకేమిటి? నాకైతే ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

తమ్ముడూ, ఒకటి మాత్రం నిక్కచ్చిగా చెప్తున్నాను. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే అన్నాడు. సంవత్సరం వేసిన ఫ్లెక్సీ వాక్యానుసారం కాదు. అది అమ్మగారికి చెప్పు.

పాత నిబంధన టీచరు | సోమవారం, ఉదయం 8:30

వాక్యదీపం గారూ, మీరు చెప్పింది న్యాయం. నేను తీపి ఒక్కటే వడ్డించాను. తీర్పు లేకుండా ప్రవక్తలు లేరు. అయితే ఆ తీర్పు ఎవరి మీద అని అడగాలి.

‘యెహోవా దినము’ అనే మాట మనకి అందిన ప్రవక్తల రాతల్లో అన్నిటికన్నా పాతగా కనపడేది ఆమోసులో. క్రీ.పూ. 8వ శతాబ్దం. ఆయన తెకోవ ఊరివాడు, మందలు కాచుకుంటూ మేడిపళ్ళ పని చేసుకునేవాడు. దక్షిణం నుంచి ఉత్తర రాజ్యానికి వెళ్ళి బేతేలు గుడి దగ్గర నిలబడి మాట్లాడాడు. రెండో యరొబాము రాజు కాలం, డబ్బు బాగా ఆడుతున్న రోజులు. జనం యెహోవా దినం ఎప్పుడొస్తుందా అని సంబరంగా ఎదురుచూస్తున్నారు. ఆ రోజున తమ శత్రువుల పని అయిపోతుందని వాళ్ళ నమ్మకం. ఆమోసు 5లో వాళ్ళకి చెప్పిన పోలిక చూడండి. ఒకడు సింహాన్ని తప్పించుకుని పరిగెత్తితే ఎలుగుబంటి ఎదురైంది. దాన్నీ తప్పించుకుని ఇంట్లోకొచ్చి, హమ్మయ్య అని గోడకి చెయ్యి ఆనిస్తే పాము కరిచింది.

ఆ గోడ వాళ్ళ సొంత ఇంటి గోడ.

8వ అధ్యాయంలో ఇంకో దర్శనం. వేసవి పండ్ల గంప. హెబ్రీలో వేసవి పండుని ‘కయిత్స్’ అంటారు, అంతాన్ని ‘కేత్స్’ అంటారు. పండు చూపించి అంతం అంటాడు దేవుడు. ఇంగ్లీషులో ఈ శ్లేష చెప్పడానికి అవస్థ పడేదాన్ని. తెలుగులో చెప్పేటప్పుడు ఆ బాధే లేదు. ‘పాపం పండింది’ అంటాం కదా, సరిగ్గా అదే. పండిన పాపం ఏమిటో కూడా ఆ కిందే ఉంది: చిన్న కొలత, పెద్ద తూకం, తాలు కలిపిన గోధుమలు, చెప్పుల జత ఖరీదుకి బీదవాణ్ణి కొనడం.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు చేతిలో ఆ రాజ్యం పోయింది. ఆమోసు ఎదుట నిలబడ్డవాళ్ళకి ‘అంతం’ అంటే మన తూకం రాయి సంగతే. ఎక్కడో దూరదేశంలో ఏ రాజు ఏ రాజు మీదికి వెళ్తున్నాడన్నది కాదు.

కొత్త చదువరి | సోమవారం, ఉదయం 11:05

ఒక సందేహం. ప్రవక్త అంటే మన బ్రహ్మంగారి కాలజ్ఞానంలా రాబోయేది ముందే చెప్పేవాళ్ళు కాదా మరి?

పాత నిబంధన టీచరు | సోమవారం, మధ్యాహ్నం 1:15

రాబోయేదీ చెప్తారు. కానీ అది “మీరు మారకపోతే” అనే షరతు మీద నిలబడుతుంది. యోనా కథ అదే కదా, నలభై రోజుల్లో నీనెవె నాశనమౌతుందన్నాడు, వాళ్ళు మారారు, నాశనం తప్పింది. మన తెలుగు మాట కూడా అందుకు సరిగ్గా సరిపోయింది. ప్రవక్త అంటే వక్త. ముందుకొచ్చి మాట్లాడేవాడు.

మట్టిపలక | సోమవారం, రాత్రి 9:00

ఫ్లెక్సీ మీద గోగు ఉన్నాడన్నారు కాబట్టి ఆ సంగతి నేను రాస్తాను. నాది పురాతత్వం వైపు చదువు.

మన తెలుగు బైబిల్లో యెహెజ్కేలు 38లో గోగుని రోషుకీ మెషెకుకీ తుబాలుకీ అధిపతి అని రాశారు. ‘రోషు’ అని చదవగానే సభల్లో ‘రష్యా’ అనేస్తారు. హెబ్రీలో ‘రోష్’ అంటే తల, ముఖ్యుడు. పాత గ్రీకు అనువాదం దాన్ని ఊరి పేరులా ఉంచేసింది. జెరోము లాటిన్ అనువాదం ‘తల’ అనే అర్థంలోనే తీసుకుంది. ‘మెషెకు, తుబాలుల ముఖ్య అధిపతి’ అని కూడా చదవొచ్చన్నమాట. మెషెకు, తుబాలు మాత్రం ఊహలు కావు. అష్షూరు శాసనాల్లో ముష్కి, తబాల్ అని కనపడతారు. ఇప్పటి టర్కీ ప్రాంతం. గోగు పేరు వెనక అదే టర్కీ ప్రాంతంలోని పాత లిడియా రాజ్యానికి రాజైన గైజెస్ ఉండొచ్చని చాలామంది పండితులు అంటారు. అష్షూరు రాజు అషుర్‌బానిపాల్ శాసనాల్లో ఆయన పేరు ‘గుగు’.

తర్వాతి కాలాల వాళ్ళు గోగు ఎవరన్నారో చూస్తే ఒక వరస కనపడుతుంది. 4వ శతాబ్దంలో మిలాన్ బిషప్ ఆంబ్రోసు ‘గోత్’ అనే జాతివాళ్ళే గోగు అన్నాడు. 16వ శతాబ్దంలో లూథరు తురుష్కులన్నాడు. ఆ తర్వాత రష్యా అన్నారు. ప్రతి తరమూ తనకి భయం పుట్టించిన సైన్యానికి ఆ పేరు పెట్టుకుంది.

యెహెజ్కేలు రాసింది నిదానంగా చదివితే ఎక్కువ చోటు యుద్ధానికి ఇవ్వలేదు, యుద్ధం తర్వాతి పనికి ఇచ్చాడు. 39వ అధ్యాయంలో ఏడు నెలలు శవాల్ని పూడ్చి దేశాన్ని శుద్ధి చేస్తారు. దారిన పోయేవాడికి ఎముక కనపడితే పక్కన గుర్తు పెట్టి వెళ్తాడు, పూడ్చేవాళ్ళు వెనక వస్తారు. శత్రువుల విల్లులూ బాణాలూ డాళ్ళూ ఏడేళ్ళు వంటచెరకవుతాయి, అడవికెళ్ళి కట్టెలు కొట్టే పనే ఉండదు. యుద్ధం ముగిశాక పొయ్యి వెలగాలని ఆలోచించిన మనిషి ఆయన.

ఎండిన ఎముకల సంగతి. మృతసముద్రం పక్కనున్న మసాదా కోట తవ్వకాల్లో (1963–65) అక్కడి సమాజమందిరం నేల కింద పూడ్చిపెట్టిన చర్మపు చుట్ట ముక్కలు దొరికాయి. అవి యెహెజ్కేలు 37వ అధ్యాయం. రోమా సైన్యం కోటని చుట్టుముట్టినప్పుడు లోపల ఉన్నవాళ్ళ దగ్గర ఉన్న గ్రంథమది. వాక్యదీపం గారూ, 1948లో ఆ అధ్యాయం నెరవేరిందని మీరు చదువుతున్నారు. వాళ్ళు క్రీ.శ. 73 ప్రాంతంలో తమ కోసమే చదువుకుని ఉంటారు. “మా ఎముకలు ఎండిపోయాయి, మా ఆశ పోయింది” అన్నది ఇశ్రాయేలు ఇంటివాళ్ళేనని ఆ అధ్యాయమే చెప్తోంది. అప్పుడు వాళ్ళు బబులోను చెరలో ఉన్నారు. మొదటి శ్రోతలు వాళ్ళు.

వాక్యదీపం | సోమవారం, రాత్రి 9:50

మంచి సంగతులు చెప్పారు. మొదటి శ్రోతల్ని నేను కాదనను. ఒక వాక్యం ఒకసారి నెరవేరాక ఎండిపోతుందని మాత్రం ఒప్పుకోలేను. ఊటబావిలో ఒకసారి తోడితే నీళ్ళు అయిపోతాయా?

చేబ్రోలు రోడ్డు | మంగళవారం, ఉదయం 7:45

37వ అధ్యాయం మాట వచ్చింది కాబట్టి. ఎముకల దర్శనం అయ్యాక అందులోనే రెండు కర్రల సంగతి ఉంది. ఒకదాని మీద యూదా అని, రెండోదాని మీద యోసేపు, ఎఫ్రాయిము అని రాసి రెండూ ఒక్కటిగా పట్టుకోమంటాడు. మా గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అని ఒక చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడే యూదులు. తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని వాళ్ళ నమ్మకం. సమాజమందిరం ఉంది, శనివారం విశ్రాంతి పాటిస్తారు, హెబ్రీ ప్రార్థనలు నేర్చుకున్నారు. ఆ రెండో కర్ర మీద రాసింది తమ పేరే అనుకుని చదివేవాళ్ళు మన పక్క ఊళ్ళో ఉన్నారంటే ఆ అధ్యాయం నాకు వేరేగా వినపడుతుంది. వాళ్ళని వింతగా చూసేవాళ్ళున్నారు. అది నాకు నచ్చదు.

హైఫా నుంచి | మంగళవారం, రాత్రి 11:30

అందరికి నమస్తే. మాది జగిత్యాల దిక్కు. ఇక్కడ హైఫాల ఒక ముసలమ్మను చూసుకునే పని చేస్తున్న, ఆరేండ్లాయె. ఆమెను ‘సవ్తా’ అంట, అంటే అమ్మమ్మ. వయసు ఎనభై తొమ్మిది. నేను చదువుకున్నోణ్ణి కాదు, చూసింది చెప్త.

పస్కా పండుగ రాత్రి వీళ్ళు బల్ల మీద ఒక గిన్నె నిండ ద్రాక్షరసం పోసి పెడ్తరు. ఎవ్వరు ముట్టరు. అది ఏలీయా ప్రవక్తది. మెస్సీయ కన్న ముందుగాల ఏలీయా వస్తడని మలాకీల ఉన్నది కద. అన్నం తిన్నంక సవ్తా నా దిక్కు చూసి “తలుపు తియ్” అన్నది. నేను పొయ్యి తీసిన. మెట్ల మీద లైటు తనంతల తానే వెలిగింది. ఎవ్వరు లేరు. సవ్తా కుర్చీల నుంచి లేవలేదు గని నడుము నిటారుగ పెట్టి గడప దిక్కే చూసింది. వాళ్ళ మనుమలు నిలబడి ఏందో చదివిన్రు. మల్ల నేను తలుపు పెట్టిన.

తెల్లారి అడిగిన, ఎన్నేండ్ల సంది తీస్తున్నరు సవ్తా ఈ తలుపు అని. “నేను పుట్టకముందు నుంచి” అన్నది. వచ్చే ఏడు గూడ తీస్తది.

తమ్మీ, నీకు చెప్పాల్సింది ఇది. గా ముసలమ్మ బీపీ గోళి ఒక్క పూట తప్పది. పండుగ అయిన మూడో రోజే కంటి డాక్టరు దగ్గరికి తోల్కపొమ్మన్నది.

తెనాలి కాలువ | బుధవారం, ఉదయం 6:40

అన్నా, ఇది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. అమ్మకి చదివి వినిపించాను. “ఆమె తలుపు తీసి పెడుతోందా, ఎవరూ రాకపోయినా?” అని రెండుసార్లు అడిగింది. ఇంకేం అనలేదు.

దానియేలు లెక్కల గురించి ఎవరైనా చెప్పండి. ఫ్లెక్సీ మీద ఆ అంకె దాన్నుంచే వచ్చిందట.

మట్టిపలక | బుధవారం, రాత్రి 8:20

దానియేలు గురించి చెప్పాలంటే చోటు చాలదు, అవసరమైనంతే రాస్తాను.

హెబ్రీ బైబిల్లో దానియేలు పుస్తకం ప్రవక్తల వరసలో ఉండదు. ‘రచనలు’ అనే మూడో భాగంలో, ఎస్తేరు, ఎజ్రాల మధ్య ఉంటుంది. యిర్మీయా చెరకాలం డెబ్బై ఏళ్ళన్నాడు. దానియేలు 9లో ఆ డెబ్బై కాస్తా డెబ్బై వారాలైంది, అంటే రోజుకొక ఏడు లెక్కన 490 ఏళ్ళు. ఒక లెక్క నడిచిపోయాక మిగిలిన బాధకి అర్థం వెతుక్కుంటూ అదే లెక్కని మళ్ళీ తెరిచి చదివారు. 11వ అధ్యాయంలో ఉత్తర దేశపు రాజు, దక్షిణ దేశపు రాజు అని వరసగా నడిచే కథ గ్రీకు రాజుల చరిత్రకి దగ్గర దగ్గరగా సరిపోతుంది. క్రీ.పూ. 167లో గ్రీకు రాజు నాలుగో అంతియొకసు యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేశాడు, 164లో ఆయన మీద తిరగబడ్డ యూదులు, మక్కబీయులు, దాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. హనుక్కా పండుగ అదే. పుస్తకం ఆ రోజుల్లోనే ఈ రూపానికి వచ్చిందని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. దానియేలు స్వయంగా బబులోనులో రాశాడని సంప్రదాయం. నాది మొదటి అభిప్రాయం, కానీ ఇక్కడ దాని మీద తగువు పెట్టను. చివరి అధ్యాయంలో 1,290 రోజులు అని ఒక వచనంలో, 1,335 అని ఆ పక్క వచనంలో ఉన్నాయి. ఎదురుచూపు ఇంకో నలభై అయిదు రోజులు పెరిగింది.

మృతసముద్రం దగ్గర గుహల్లో 1947లో దొరికిన వాటిలో హబక్కూకు మీద ఒక వ్యాఖ్యానం ఉంది. చివరి తరానికి జరగబోయేది రాయమని దేవుడు హబక్కూకుతో చెప్పాడు గానీ కాలం ఎప్పుడు ముగుస్తుందో అతనికి తెలియజెయ్యలేదని అందులో స్పష్టంగా ఉంది. చివరి కాలం ప్రవక్తలు చెప్పినదాని కంటే సాగుతుందని కూడా రాసుకున్నారు. తామే ఆఖరి తరమని నమ్మి ఎడారిలో బతికినవాళ్ళు రాసిన మాటలివి.

యూదు పెద్దలు ఈ లెక్కలు కట్టేవాళ్ళని గట్టిగా మందలించారు. అంతాన్ని లెక్కగట్టేవాళ్ళ ఎముకలు విరగాలని యూదు పెద్దల ధర్మచర్చల గ్రంథం తల్మూదులో శాపమే ఉంది. కారణం కూడా అక్కడే చెప్పారు. లెక్క వేసిన రోజు వచ్చి వెళ్ళిపోతే జనం మెస్సీయ “ఇంక రాడు” అనేస్తారు. ఆలస్యమైనా కనిపెట్టుకుని ఉండమన్న హబక్కూకు మాటనే దానికి మందుగా చూపించారు. క్రీ.శ. 132లో యూదు నాయకుడు బర్ కొఖ్‌బా రోము మీద తిరగబడితే, అంతటి రబ్బీ అకివా ఆయన్నే మెస్సీయ అన్నాడు. ఇంకో రబ్బీ ఆయనతో, “అకివా, నీ చెంపల మీద గడ్డి మొలుస్తుంది, దావీదు కుమారుడు అప్పటికీ రాడు” అన్నాడు. మూడేళ్ళకి తిరుగుబాటు అణిగిపోయింది.

కొత్త చదువరి | బుధవారం, రాత్రి 9:05

అంకె తప్పాక ఇళ్ళలో ఏం జరిగేదో ఎక్కడైనా రాసి ఉందా? అమ్మగారి సంగతికి అది దగ్గరగా ఉంటుంది.

మట్టిపలక | బుధవారం, రాత్రి 9:55

ఉంది. 1665లో షబ్బతాయి జ్వీ అనే ఆయన మెస్సీయనని ప్రకటించుకున్నాడు. యూరప్ అంతటా యూదుల ఇళ్ళలో సంచలనం. జర్మనీలో గ్లూకెల్ అనే వ్యాపారస్తురాలు తన జ్ఞాపకాల్లో మామగారి సంగతి రాసింది. ఆ పెద్దాయన హామెల్న్ ఊళ్ళో ఇల్లూ వాకిలీ వదిలేసి వేరే ఊరికి మారాడు. పరిశుద్ధ దేశానికి ఓడ ఎక్కడానికని హాంబర్గులో కోడలి ఇంటికి రెండు పెద్ద పీపాలు పంపాడు. వాటినిండా దుప్పట్లు, బఠాణీలు, చిక్కుళ్ళు, ఎండుమాంసం, ఎండుపళ్ళు. ఏడాది దాటింది. తిండి పాడైతే గుడ్డలూ పాడవుతాయని పీపాలు తెరిచి తినేవి తీసెయ్యమని కబురు పెట్టాడు. గుడ్డలున్న పీపాలు మూడేళ్ళు అలాగే ఉన్నాయి. ఆ షబ్బతాయి 1666లోనే తురుష్క సుల్తాను ముందు ఇస్లాం పుచ్చుకున్నాడు.

ఆ మామగారిని చూస్తే నాకు జాలే వేస్తుంది. ఆయన ఆశలో కల్మషం లేదు. దాన్ని వాడుకున్నవాళ్ళ మీదే నాకు కోపం.

వాక్యదీపం | గురువారం, ఉదయం 5:50

ఆ పీపాల సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. 1844 అక్టోబరు 22న అమెరికాలోనూ ఇదే జరిగింది, ఆ రోజే ప్రభువు వస్తాడని జనం ఎదురుచూశారు. దానియేలు 8లోని 2,300 దినాల నుంచి విలియమ్ మిల్లరు బోధ మీద కట్టిన లెక్క అది. కొందరు ఆ ఏడు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు.

రాకడ మీద నా నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదని చెప్పుకుంటున్నాను. తగ్గకూడదు కూడా. కానీ తమ్ముడూ, మీ అమ్మగారు మోకాలికి మందు వేయించుకోవడం అవిశ్వాసం కాదు. నా మాటగా చెప్పు, ప్రార్థన చేస్తున్నానని చెప్పు.

పాత నిబంధన టీచరు | గురువారం, సాయంత్రం 6:30

బాబూ, ఇంతమంది ఇన్ని చెప్పారు. నేను మీ అమ్మగారి చేతిలో పెట్టమని ఒకే పుస్తకం చెప్తాను, యిర్మీయా. మూడు అధ్యాయాలు చాలు.

28 చదవండి. హనన్యా అనే ప్రవక్త గుళ్ళో అందరి ముందూ లేచి, రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, పోయినవాళ్ళంతా తిరిగొస్తారు అన్నాడు. తేదీ చెప్పాడు, జనం కోరుకున్నదే చెప్పాడు. బబులోనుకి లొంగాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాగి విరిచాడు. యిర్మీయా మొదట “ఆమేన్, అలాగే జరగాలి” అన్నాడు. తనకీ అదే కావాలని ఉంది మరి. కానీ అది దేవుని మాట కాదు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు.

29లో చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరం ఉంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఊరి క్షేమం కోరండి. డెబ్బై ఏళ్ళ తర్వాత తిరిగి తీసుకొస్తానన్న మాట కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. వాళ్ళు రెండూ కలిపే వినాలి.

32 మాత్రం తొందరపడకుండా చదవండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. ముట్టడి దిబ్బలు గోడదాకా వచ్చేశాయి. పట్టణం పడిపోతుందని చెప్పినందుకు యిర్మీయా రాజు చెరసాల ముంగిట్లో ఖైదులో ఉన్నాడు. అక్కడికి పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొను, విడిపించుకునే హక్కు నీదే అంటాడు. ఆ ఊరు అప్పటికే శత్రువు చేతిలో ఉన్నట్టే లెక్క. యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి. అసలు మాట షెకెలు, అది మన తులానికి చాలా దగ్గరే. సాక్షుల్ని పిలిచాడు, త్రాసులో తూచాడు, సంతకం పెట్టి ముద్ర వేశాడు. రెండు ప్రతులు, ఒకటి ముద్ర వేసింది, ఒకటి తెరిచి ఉంచింది. తన లేఖకుడు బారూకుకి ఇచ్చి, చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు.

తన బోధ తనే పూర్తిగా నమ్మిన మనిషి ఆయన. పట్టణం కాలిపోతుందని తెలుసు. అయినా దస్తావేజులో ఒక్క ఆనవాయితీ వదల్లేదు. అదంతా అయ్యాక ప్రార్థనలో, “పట్టణం కల్దీయుల చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటి ప్రభువా” అని అడిగాడు కూడా. ఆ ప్రశ్నని దాచకుండా గ్రంథంలో ఉంచారు.

మట్టిపలక | గురువారం, రాత్రి 8:10

ఆ రెండు ప్రతుల పద్ధతి తర్వాత కూడా చాలాకాలం నడిచింది. 1961లో మృతసముద్రం పక్క గుహలో బాబతా అనే విధవరాలి కాగితాల కట్ట దొరికింది, క్రీ.శ. 2వ శతాబ్దానిది. ఒకే కాగితం మీద విషయం రెండుసార్లు రాసి, పై సగం చుట్టి దారంతో కుట్టి ముద్రలు వేసేవాళ్ళు, కింది సగం చదువుకోవడానికి తెరిచి ఉండేది. ఆమె యుద్ధం నుంచి పారిపోతూ వెంట తీసుకెళ్ళిన కట్టలో ఖర్జూరపు తోట పత్రాలున్నాయి.

తెనాలి కాలువ | ఆదివారం, రాత్రి 8:50

నాలుగు రోజులు రాయలేదు, క్షమించండి. ఊరెళ్ళాను.

మధ్యాహ్నం ఆరాధన అయ్యాక వరండాలో కూర్చుని 32వ అధ్యాయం అమ్మ చేతే చదివించాను. కళ్ళజోడు సరిగా ఆనక వేలు పెట్టి చదువుతోంది. పదియేడు తులముల వెండి దగ్గర ఆగి, “త్రాసుతో తూచాడా ఖైదులో ఉండి?” అంది. తర్వాత మట్టికుండ దగ్గర ఆగింది. మా ఇంట్లో నాన్న కాగితాలు పాత పాలడబ్బాలో ఉంటాయి, బీరువా పైన. అమ్మ అటు చూసింది, నేను చూశాను, ఇద్దరం ఏమీ అనలేదు.

అధ్యాయం అయిపోయాక పుస్తకం మూయకుండా ఒక ప్రశ్న అడిగింది. నాకు తెలియక మిమ్మల్ని అడుగుతానన్నాను. “ఆ పొలం యిర్మీయా దున్నాడా మరి?”

పాత నిబంధన టీచరు | ఆదివారం, రాత్రి 9:15

లేదమ్మా. పట్టణం పడిపోయాక మిగిలినవాళ్ళు ఆయన్ని తమతో ఐగుప్తుకి తీసుకుపోయారు. 43వ అధ్యాయంలో ఉంది, తహపనేసు అనే ఊరు. అనాతోతుకి తిరిగొచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. కానీ చెర నుంచి వచ్చినవాళ్ళ లెక్క ఎజ్రా 2లో ఉంది చూడండి, ఊరి పేరు చెప్పి మరీ రాశారు. అనాతోతువాళ్ళు 128 మంది.

తెనాలి కాలువ | సోమవారం, ఉదయం 7:05

మీ సమాధానం రాత్రే చదివి చెప్పాను. ఎజ్రా 2లో ఆ వచనం నన్ను వెతికి పెట్టమంది. చదువుకుంది. పొద్దున్నే లేచేసరికి పాలడబ్బా మంచం మీద ఉంది. నాన్న డెత్ సర్టిఫికెట్టు, పాత పాసుపుస్తకం, శిస్తు రసీదులు విడివిడిగా పేర్చి పెట్టింది. మండలాఫీసు పది గంటలకి తెరుస్తారట. మోకాళ్ళ సంగతి దారిలో మాట్లాడతాను.